కొలతలమ్మ కట్టించిన చక్రాల పార్కు

ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది కానీ, అది బ్యాంకు పాసుపుస్తకంలో తప్ప ఇంకెక్కడా పనికి రాలేదు. ఊరందరికీ ఆవిడ కొలతలమ్మ. మార్కెట్ హాలుకి ఎదురుగా, మందుల షాపుకీ గడియారాల షాపుకీ మధ్య ఇరుక్కున్న టైలరింగ్ షాపు ఆవిడది. ముప్పై రెండేళ్లుగా అదే కుట్టుమిషను, అదే కత్తిరింపు బల్ల. గుమ్మంలో అడుగుపెట్టిన మనిషిని తల నుంచి కాలి దాకా ఒక్కసారి చూసి, "నడుము ముప్పై నాలుగు. పోయినేడు ముప్పై రెండే కదా? ఇంట్లో అంతా కులాసాయే అన్నమాట" అనేది. తర్వాత టేపు పెట్టి చూసుకుంటే అరంగుళం తేడా కూడా వచ్చేది కాదు. అందుకే కాస్త ఒళ్లు చేసినవాళ్లు ఆ షాపు ముందునుంచి తల తిప్పుకుని గబగబా నడిచేవాళ్లు.

చేతిలో అంత నేర్పున్న మనిషికి చెవుల్లో ఓర్పు మాత్రం లేదు. మార్కెట్ హాలు ముందు పదకొండు వెడల్పాటి మెట్లు, వాటికింద నున్నటి బండలు పరిచిన ఆవరణ. సాయంత్రం నాలుగు దాటిందంటే పిల్లలు స్కేట్‌బోర్డులు చంకన పెట్టుకుని అక్కడ దిగిపోయేవాళ్లు. మొదట గరగరమని చక్రాల చప్పుడు, తర్వాత క్షణం సేపు నిశ్శబ్దం, ఆ తర్వాత ధడేల్. ఆ నిశ్శబ్దమే ఆవిడకి ఎక్కువ గిట్టేది కాదు. ధడేల్ ఎప్పుడొస్తుందా అని మిషను ఆపుకుని కూర్చోవాల్సి వచ్చేది.

ఒకరోజు ఆ ధడేల్, సరిగ్గా ఒక పెళ్లికొడుకు కోటు గుడ్డమీద కత్తెర నడుస్తున్నప్పుడే వచ్చింది. ఆవిడ ఉలిక్కిపడింది. చంక కోత రెండంగుళాలు లోపలికి పోయింది. ముప్పై రెండేళ్లలో అంత పెద్ద తప్పు కోత అదే మొదటిది. ఆ సాయంత్రమే కాగితం తీసి మున్సిపల్ ఆఫీసుకి ఫిర్యాదు రాసింది. కోపంలో రాసిన ఉత్తరం కదా, కలం కత్తెరకన్నా జోరుగా నడిచింది. "ఇంటి దగ్గర అడిగేవాళ్లు లేని ఈ గాలి మందనుంచి మా చెవులకీ, మా మనశ్శాంతికీ విముక్తి కలిగించగలరు" అని ముగించింది. కింద తన సంతకం. దాని కింద లెక్కల మాస్టారి సంతకం. ఆయన రిటైరై పన్నెండేళ్లయినా ఆవిడకి ఆరో తరగతి నుంచి లెక్కలు చెప్పిన మనిషి. మందుల షాపువాళ్లు, గడియారాల షాపువాళ్లు కలుపుకుని మొత్తం పదిహేడు సంతకాలు పడ్డాయి. పదిహేను రోజులు తిరగకుండానే హాలుకి ముందూ వెనకా బోర్డులు వెలిశాయి: "ఇచట చక్రాల పలకలపై ఆడరాదు". దానికి తోడు ఈల పట్టుకుని ఒక వాచ్‌మన్.

కొలతలమ్మ ఆరోజు హాయిగా మిషను తొక్కుకుంది. ఆవిడకి తెలియని సంగతి ఒకటే. హాలు వెనకవైపు మెట్ల దగ్గర, అత్త కంట పడకుండా ఏడాదిగా ఆడుతున్న గాలి మందలో సొంత అన్నయ్య కూతురు కూడా ఉంది.

ఆ పిల్లని అందరూ బొంగరం అనేవాళ్లు. పందొమ్మిదేళ్లది. పుట్టి నడక వచ్చిన దగ్గరనుంచి ఒకచోట నిలబడింది లేదు. ఇంట్లో కంప్యూటర్ క్లాసని చెప్పి, బోర్డుని స్నేహితురాలి ఇంట్లో దాచుకుని, హాలు వెనక ఎగురుతుండేది. బోర్డులు వెలిశాక ఆ పిల్లలంతా బస్ డిపో పక్కనున్న ఏటవాలు రోడ్డు మీదికి మారారు. మారిన మూడో వారంలో కూరగాయల వ్యాను ఒకటి వెనక్కి వస్తుంటే, దాన్ని తప్పించబోయి బొంగరం ఫుట్‌పాత్ అంచుకి గుద్దుకుంది. మెడకింద ఎముక చిట్లింది.

ఆసుపత్రికి అందరికన్నా ముందు చేరింది కొలతలమ్మే. అన్నయ్యా వదినా ఇంకా దారిలో ఉన్నారు. బొంగరం భుజానికి కట్టుతో మంచంమీద కూర్చుని, తల మాత్రం అటూ ఇటూ తిప్పుతోంది.

"అమ్మకి చెప్పకత్తా, కంప్యూటర్ క్లాసు మెట్లమీద జారానని చెప్పు."

"కంప్యూటర్ క్లాసు మెట్లమీద జారితే మోకాలికి రోడ్డు తారు అంటుకుంటుందా? నిజం చెప్పు."

నిజం చెప్పింది. చెప్పి, ఊరుకోకుండా ఇంకో మాట కూడా అంది. "అసలు మేం రోడ్డెక్కేవాళ్లమే కాదత్తా. హాలు దగ్గర ఎంచక్కా ఆడుకుంటుంటే ఎవరో పనీపాటా లేనివాళ్లు ఫిర్యాదు రాశారు. వాళ్లు కనబడితే చెప్తా."

కొలతలమ్మ మంచినీళ్ల సీసా తీసి మేనకోడలికి ఇవ్వబోయి తానే సగం తాగేసింది. ఆ తర్వాత ఏమనాలో తెలియక, వృత్తిధర్మం కొద్దీ నోటికొచ్చిన మాట అనేసింది.

"మీకు ఆడుకోవడానికి ఎంత జాగా కావాలి?"

"ఏంటీ?"

"కొలతలు చెప్పు. పొడవెంత, వెడల్పెంత?"

బొంగరం అత్తవైపు అనుమానంగా చూసింది. మత్తుమందు ఇచ్చింది తనకా అత్తకా అని ఆ చూపుకి అర్థం.

జాగా వెతకడం కష్టం కాలేదు. బస్ డిపో వెనక మున్సిపాలిటీ స్థలం ఒకటుంది. విరిగిన చెత్త బళ్లు, చక్రాలూడిన నీళ్ల ట్యాంకరు, వాటిమధ్య నడుమెత్తు గడ్డి. కొలతలమ్మ ఒక ఆదివారం పొద్దున టేపు పట్టుకుని వెళ్లి, గడ్డిలోంచి నడిచి కొలిచి వచ్చింది. నూట పది అడుగులు, డెబ్బై రెండడుగులు. చీరకి అంటుకున్న పల్లేరు కాయల్ని ఏరడానికి కొలవడం కన్నా ఎక్కువసేపు పట్టింది.

జనం మద్దతు కావాలంటే కరపత్రం వెయ్యాలి. ఆవిడ భర్త ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేస్తాడు. మితభాషి. నలభై మాటల అవసరం ఉన్నచోట నాలుగుతో సరిపెడతాడు. రాత్రికి రాసిచ్చిన కాగితాన్ని పొద్దున్నే తీసుకెళ్లి, భోజనాల వేళకి వెయ్యి కరపత్రాలు తెచ్చి బల్లమీద పెట్టాడు. పెద్దక్షరాల్లో, ఎర్రసిరాతో: "మన పేటకి చక్కెర పార్కు కావాలి! సంతకం చేయండి!"

"చక్కెరేంటండీ? చక్రాల పార్కు కదా!"

ఆయన కళ్లజోడు సవరించుకుని కాగితం చూశాడు. మళ్లీ చూశాడు. "పొరపాటే" అన్నాడు.

వేసినవాటిని పారెయ్యడానికి ఆవిడకి మనసొప్పలేదు. సంతకాలకి వెళ్లినప్పుడు నోటితో సరిచెప్పొచ్చులే అనుకుంది. తీరా చూస్తే మొదటి రెండు వీధుల్లో జనం చెప్పేది వినకుండానే ఎగబడి సంతకాలు పెట్టేశారు. ఒక పెద్దాయన "మనిషికి ఎన్ని కిలోలిస్తారమ్మా?" అని అడిగాడు. ఇంకో ఇల్లాలు లోపలికెళ్లి సంచి కూడా తెచ్చుకుంది. కొలతలమ్మ వాళ్లందరి ఇళ్లకీ మర్నాడు మళ్లీ వెళ్లి, ఇది చక్కెర కాదు చక్రాలు అని విప్పి చెప్పి, ఇష్టంలేనివాళ్ల పేర్లు కొట్టేసింది. నలభై ఆరు సంతకాలకి పదకొండు పోయాయి. సంచి తెచ్చుకున్న ఇల్లాలు మాత్రం "పెట్టిన సంతకం పెట్టినట్టే ఉంచండి, మావాడికీ ఉందా పిచ్చి" అంది. నెల తిరిగేసరికి ఆరువందల పైచిలుకు సంతకాలు పోగయ్యాయి.

అక్కడ అడ్డుపడ్డది లెక్కల మాస్టారు. ఆయనా ఆయన వయసువాళ్లు ఓ ముప్పైమంది పొద్దునపూట నడకకి వెళ్తారు. నడవడానికి చోటు లేక, బస్సుల పొగలో డిపో చుట్టూ తిరుగుతుంటారు. అదే స్థలంలో నడకదారి వెయ్యమని ఆయన మూడేళ్లుగా అర్జీలు పెడుతున్నాడు. ఇప్పుడీ చక్రాలవాళ్లు మధ్యలో వచ్చి దూరడం ఆయనకి గుండెల్లో మంట.

మున్సిపల్ హాల్లో విచారణ పెట్టారు. చైర్‌పర్సన్ గారు బల్ల వెనక, పక్కన ఇంజనీరు, ఎదురుగా కుర్చీల్లో ఒకవైపు నడకవాళ్లు, ఒకవైపు పిల్లలు. భుజానికి కట్టుతో బొంగరం ముందు వరసలో కూర్చుంది. కొలతలమ్మ సంతకాల కట్ట అందించి రెండు మాటలు మాట్లాడి కూర్చుందో లేదో, మాస్టారు లేచారు. జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశారు.

"చైర్‌పర్సన్ గారూ, ఈ పిల్లలగురించి మన పేటలో ఒక బాధ్యతగల వ్యక్తి రాసిన ఉత్తరం నకలు ఇది. చదువుతాను, వినండి."

మొదటి వాక్యానికే కొలతలమ్మ తన ఉత్తరాన్ని గుర్తుపట్టింది. మాస్టారు బడిలో పాఠం చదివినట్టు, ప్రతి అక్షరం విడివిడిగా చదివారు. గాలి మంద దగ్గర ఒకసారి ఆగి, హాలంతా కలియజూశారు. చివర, "ఇది రాసినది ఎవరో కాదు, ఇప్పుడు మీ ముందు సంతకాల కట్ట పెట్టిన మనిషే" అని కూర్చున్నారు.

హాలంతా గుసగుసలు. బొంగరం వెనక్కి తిరిగి అత్తని చూసింది. ఆ చూపులో కోపంకన్నా ఆశ్చర్యమే ఎక్కువుంది. అందుకే కొలతలమ్మ తట్టుకోలేకపోయింది. పిల్ల లేచి, మంచి చేత్తో కుర్చీ పక్కకి జరుపుకుని బయటికి వెళ్లిపోయింది.

కొలతలమ్మ లేచింది.

"అవునండీ, నేనే రాశాను. నాకు చప్పుడు పడదు. ఇప్పటికీ పడదు. నేను రాసినందుకు బోర్డు పెట్టారు. బోర్డు పెట్టినందుకు పిల్లలు రోడ్డెక్కారు. రోడ్డెక్కినందుకు నా మేనకోడలి ఎముక విరిగింది. తప్పు కత్తిరిస్తే గుడ్డ పారేసి ఇంటికెళ్లే అలవాటు నాకు లేదు. అతుకేసో, మళ్లీ కుట్టో, తొడుక్కునేట్టు చేసి ఇస్తాను. ఈ పనీ అంతే."

చైర్‌పర్సన్ గారు పెన్ను బల్లమీద పెట్టారు. "స్థలం ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. రెండు షరతులు. ఒకటి, నెలరోజుల్లో సరైన ప్లాను తేవాలి. రెండు, మాస్టారి సంతకం కూడా దానిమీద ఉండాలి." రెండో షరతు విని పిల్లలంతా ఒక్కసారి ఉసూరన్నారు.

తొమ్మిది రోజులు బొంగరం షాపు ముఖం చూడలేదు. ఫోన్ ఎత్తలేదు. వదిన దగ్గరికి వెళ్తే లోపలి గదిలోంచి తలుపు గడియ చప్పుడు వినిపించేది. కొలతలమ్మ రోజూ నాలుగింటికి మిషను ఆపి వీధివైపు చూసేది. హాలు ముందు ఆవరణ నిశ్శబ్దంగా ఉండేది. కోరుకున్న నిశ్శబ్దమే. కానీ ఆ తొమ్మిది రోజుల్లో ఒక్క కుట్టూ తిన్నగా పడలేదు.

పదో రోజు బొంగరం వచ్చింది. చంకలో బోర్డు. దాన్ని షాపు మధ్యలో నేలమీద పెట్టింది.

"ఎక్కు."

"నేనా? యాభై ఆరేళ్లొచ్చాయే నాకు!"

"ఇంటి దగ్గర అడిగేవాళ్లు లేరా అత్తా నాకు?"

కొలతలమ్మకి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఉన్నారు. అడక్కుండా రాసింది నేనే."

"అయితే ఎక్కు. ఎక్కితేగానీ నా కోపం పోదు."

ఆవిడ చెప్పులు విడిచి, కొంగు బిగించి, ఒక చేత్తో కత్తిరింపు బల్లనీ రెండో చేత్తో మేనకోడలి మంచి భుజాన్నీ పట్టుకుని ఎక్కింది. బోర్డు జానెడు కదిలింది. ఆవిడ కెవ్వుమంది. ఇంకో జానెడు కదిలింది. బల్ల ఈ చివరనుంచి ఆ చివర దాకా వెళ్లేసరికి, కెవ్వుమనడం మానేసి అరికాళ్లవైపు చూసుకుంటోంది.

"ఏమే, ఈ గచ్చులో ఇన్ని గతుకులున్నాయని ముప్పై రెండేళ్లుగా నాకు తెలీదే! ప్రతి పగులూ కాలికి తెలుస్తోంది."

"చూశావా మరి!" అంది బొంగరం. నవ్వకూడదనుకుంటూనే నవ్వేసింది.

ఆరోజునుంచే అసలు పని మొదలైంది. మున్సిపల్ ఇంజనీరు తన వంతుగా ఒక నక్షా పంపించాడు. నాలుగు మూలలా నాలుగు ఏటవాలు గోడలు, మధ్యలో చదును. పిల్లలు చూసి పెదవి విరిచారు. ఎందుకో చెప్పమంటే చేతులతో గాల్లో ఏవేవో వంపులు తిప్పారు. "ఇలా వెళ్లి, ఇలా లేచి, అక్కడ తేలి, మళ్లీ ఇలా" అన్నారు. గాల్లో గీసినవి కుట్టడం ఎవరి తరం? కొలతలమ్మ మందపాటి అట్టలు, కాలర్లలో వేసే బక్రం తీసి బల్లమీద పరిచింది. వాళ్లు చేతులు తిప్పినట్టల్లా మడిచి, గుండుసూదులు గుచ్చి, "ఇలాగా? ఇంకా లోతా?" అని అడుగుతూ పోయింది. వారంరోజుల్లో బల్లమీద ఒక బుల్లి పార్కు లేచింది. ఒక చివర నాలుగడుగుల వంపుగోడ, మధ్యలో చిన్న దిబ్బ, మూడు మెట్లు, వాటి పక్కన పట్టుకోవడానికి కాదు జారడానికి ఒక ఇనుప కడ్డీ, రెండో చివర గుండ్రటి గుంట. ఆ గుంటని పిల్లలు బౌల్ అన్నారు. అది చూడ్డానికి వచ్చిన తాపీమేస్త్రి "మూకుడు" అన్నాడు. అదే స్థిరపడింది.

మేస్త్రి ఆవిడ పాత ఖాతాదారు. నెలకోసారి ప్యాంటు మోకాళ్లకి మాసికలు వేయించుకుంటాడు. బలమైన మనిషి, మాట మెత్తన. "నిలువు గోడ కడతానమ్మా, అడ్డగోడ కడతాను. ఇలా పొట్టలాగా వంగిన గోడ కట్టమంటే ఎలా?" అన్నాడు.

"వంపు ఎంతుండాలో తేలితే కడతావా?"

"తేల్చండి, చూద్దాం."

అంబ్రెల్లా ఫ్రాకు కత్తిరించేటప్పుడు టేపు ఒక కొసని వేలితో నొక్కిపట్టి, రెండో కొసన సుద్దముక్క తిప్పితే వంపు గీత పడుతుంది. కొలతలమ్మ అదే పని షాపు ముందు వీధిలో చేసింది. మేకు కొట్టి, దారం కట్టి, అయిదడుగులకి ఒక గీత, ఏడుకి ఒకటి, తొమ్మిదికి ఒకటి. మేస్త్రి పాత సెంట్రింగ్ చెక్కలతో ఆ మూడు వంపులకీ మూడు చిన్న గోడలు చేసిపెట్టాడు. పిల్లలు ఒక్కొక్కదానిమీదా ఎక్కి చూశారు. అయిదడుగులది ఎక్కినవాణ్ని ఎక్కినట్టే వెనక్కి విసిరికొట్టింది. తొమ్మిదిది ఎంత తోసినా పైదాకా పోనివ్వలేదు. "దీనిమీద నిద్రొస్తోందత్తా" అంది బొంగరం, కట్టు విప్పి రెండురోజులైనా కాకుండానే. ఏడడుగులది ఎక్కి దిగాక అందరూ మళ్లీ వరసలో నిలబడ్డారు.

ఇదంతా అవుతుండగానే ఒకరోజు లెక్కల మాస్టారు షాపుకి వచ్చారు. ఆవిడతో మాటల్లేవు కానీ, ఆయన ప్యాంటు నడుము సరిచెయ్యగలిగినవాళ్లు ఊళ్లో ఇంకొకరు లేరు. సంచి బల్లమీద పెట్టి గోడవైపు తిరిగి నిలబడ్డారు.

"రెండంగుళాలు తగ్గారు మాస్టారూ. పొగలో నడిచి నడిచి చిక్కిపోతున్నారు."

ఆయన చూపు మాత్రం బల్లమీది బుల్లి పార్కు మీద పడింది. పక్కనే కాగితంమీద ఆవిడ వేసుకున్న లెక్క ఉంది. ఎత్తు నాలుగడుగులు, వంపు దారం ఏడడుగులు, నేలమీద ఆక్రమించే జాగా అయిదడుగులు. మాస్టారు ఆ కాగితం చూశారు. ముఖం తిప్పుకున్నారు. మళ్లీ చూశారు. ఒంటిమీద ఏదో దురద పుట్టినట్టు కదిలారు. చివరికి ఆగలేకపోయారు.

"అయిదెలా వచ్చిందే?"

"ఉజ్జాయింపుగా వేశానండి."

"ఉజ్జాయింపా! పైథాగరస్ సిద్ధాంతం పదిసార్లు చెప్పించుకున్నావు నా దగ్గర. ఏడులోంచి నాలుగు పోతే మూడు. ఏడేళ్లు నలభై తొమ్మిది, మూడు మూళ్లు తొమ్మిది. తీసేస్తే నలభై. దాని వర్గమూలం ఆరడుగుల నాలుగంగుళాలు. ఇలా అయిదులో కుదించి కడితే వంపు చెడి, పిల్లల నడుములు విరుగుతాయి. పెన్సిలివ్వు!"

పెన్సిలు తీసుకుని కూర్చున్న మనిషి రెండు గంటలదాకా లేవలేదు. మెట్ల ఎత్తు, దిబ్బ చుట్టుకొలత అన్నీ తిరగరాశారు. మూకుడు దగ్గరికొచ్చేసరికి పెన్సిలు ఆగింది.

"వానొస్తే ఈ నీళ్లెక్కడికి పోతాయి?"

కొలతలమ్మ, పక్కనే అట్టలు కత్తిరిస్తున్న బొంగరం ముఖముఖాలు చూసుకున్నారు. ఆ ఆలోచన ఎవరికీ రాలేదు.

"నీరు పల్లమెరుగు అని ఊరికే అన్నారా? ఈ మూకుడు అడుగున తూము లేకపోతే మొదటి వానకే దోమల పెంపకం కేంద్రం అవుతుంది. నేల ఇటువైపు వాలాలి. తూము ఇక్కడ. దానిమీద జల్లెడ మూత, చక్రం ఇరుక్కోకుండా సన్న కన్నాలతో."

"రాయండి మాస్టారూ, రాయండి" అంది కొలతలమ్మ. రాస్తుండగానే మెల్లిగా కదిపింది. "మరి చుట్టూ అంచున ఆరడుగుల వెడల్పు మిగులుతోంది. నాలుగువైపులా కలిపితే నడకదారి అవదూ?"

ఆయన పెన్సిలు చెవి వెనక పెట్టుకుని ఆవిడవైపు చూశారు. "ఒక చుట్టు మూడువందల నలభై అడుగులు. తక్కువే."

"పదిహేను చుట్లు తిరగండి. పొగుండదు. అలిసిపోతే కూర్చోడానికి బెంచీలు వేయిస్తాను, నీడకి చెట్లు పెట్టిస్తాను."

"బెంచీలకి వీపు ఆనించుకునే చెక్క ఉండాలి."

"ఉంటుంది."

"ఆ గాలి మంద పొద్దున ఎనిమిదిదాకా రాకూడదు."

"ఎనిమిదింటిదాకా మేం లేస్తే కదా తాతగారూ!" అంది బొంగరం. మాస్టారికి నవ్వొచ్చింది కానీ దగ్గుగా మార్చేశారు. ప్లాను కింద సంతకం మాత్రం అప్పటికప్పుడే పెట్టేశారు.

రెండో విచారణలో ఇంజనీరు ఒప్పుకోలేదు. "ఏటవాలు అయితే మావాళ్లు సులువుగా పోస్తారు మేడమ్. వంపెందుకు, ఏదైనా ఎక్కడమే కదా?" అన్నాడు. కొలతలమ్మ సంచిలోంచి రెండు అట్టలు తీసింది. ఒకటి ఆయన నక్షా ప్రకారం మడిచింది, రెండోది వంపు తిప్పింది. దారపు రీలు ఒకటి తీసి మొదటిదానిమీదికి దొర్లించింది. అది మడత దగ్గర టక్కుమని తగిలి, ఎగిరి, బల్లమీదనుంచి కిందపడి చైర్‌పర్సన్ గారి కాళ్ల దగ్గరికి పోయింది. ఇంకో రీలు రెండోదానిమీదికి దొర్లించింది. అది మెల్లగా పైకెక్కి, అంచున ఒక్క క్షణం ఆగి, వెనక్కి వచ్చి ఆవిడ చేతిలోనే పడింది.

"ఆ కిందపడిన రీలు మా పిల్ల అనుకోండి బాబూ" అంది.

ఇంజనీరు కాస్త ఆలోచించి, వంపు అట్ట తన దగ్గరికి లాక్కున్నాడు. తనూ ఒకసారి రీలు దొర్లించాడు. తర్వాత ఇంకోసారి. నాలుగోసారి చైర్‌పర్సన్ గారు "ఇక చాలు, సంతకం పెట్టండి" అన్నారు.

కాంక్రీటు పోసిన వారం మేస్త్రి జీవితంలో మరిచిపోలేని వారం. ఏడడుగుల వంపుకి కత్తిరించిన చెక్కని తడి కాంక్రీటుమీద అటూ ఇటూ లాగుతూ, పొంగినచోట గీకుతూ, గుంటపడ్డచోట నింపుతూ, ఎండ ముదిరేలోపు నున్నగా తేల్చాలి. మూకుడులో తాళ్లకి వేలాడుతూ పని చేశారు. గోడ పైఅంచున ఇనుప పైపు పెట్టాలని పిల్లలు పట్టుబడితే, మేస్త్రి ఎందుకని అడిగాడు. "కాలరుకి పైపింగ్ వెయ్యమా? అంచు చిరక్కుండా. అలాగే" అని కొలతలమ్మ ఒక్కమాటలో తేల్చేసింది. ఒకచోట ఉదయంపూట పోసింది మధ్యాహ్నానికి గరుకుతేలితే, ఆవిడ చెప్పులు విడిచి అరికాలితో తడిమి, "ఇది పనికిరాదు" అంది. మేస్త్రి ముఖం ముడుచుకున్నాడు. అయినా పగలగొట్టి మళ్లీ పోశాడు.

పార్కు తెరిచిన రోజు చైర్‌పర్సన్ గారు రిబ్బను కత్తిరించబోతే ఆ కత్తెరకి తెగలేదు. కొలతలమ్మ తన కత్తెర ఇచ్చింది. ఆ తర్వాత చప్పుడే చప్పుడు. గరగర, నిశ్శబ్దం, ధడేల్. ఆవిడ ప్రతి ధడేల్‌కీ ఉలిక్కిపడుతూనే ఉంది. అదేం మారలేదు. బొంగరం మొదటిసారి వంపుగోడ ఎక్కి, పైపుమీద క్షణం నిలిచి, గిర్రున తిరిగి దిగి వచ్చేసరికి, వదిన కళ్లు మూసుకుంది. అన్నయ్య చప్పట్లు కొట్టాడు. కొలతలమ్మ భర్త "బావుంది" అన్నాడు. ఆయన నోట ఆ మాట పెళ్లయ్యాక మూడోసారో నాలుగోసారో.

అన్నీ అనుకున్నట్టే అయ్యాయని కాదు. చెట్లు ఆరు పెడితే నాలుగే బతికాయి. దిబ్బ ఒకవైపు కాస్త నిక్కి కుదిరింది. పిల్లలు దాన్నీ ఒక ఆటగా మార్చుకున్నారు. బెంచీల్లో ఒకదానికి వీపు చెక్క లేదని మాస్టారు నెలకో అర్జీ పెడుతున్నారు. వాన వచ్చినప్పుడల్లా గొడుగేసుకుని వెళ్లి, తూములోంచి నీళ్లు పోతున్నాయో లేదో చూసొస్తారు. మొదట్లో రోజుకి పదిహేను చుట్లు తిరిగే మనిషి ఇప్పుడు పద్దెనిమిది తిరుగుతున్నారు. ఎనిమిది దాటినా ఇంటికెళ్లకుండా బెంచీమీద కూర్చుని, పిల్లలకి ఎక్కడ వేగం తగ్గుతోందో అరిచి చెబుతుంటారు.

తెరిచిన మూడు నెలలకి ఒక పొద్దున, ఆరున్నర వేళ, కొలతలమ్మ మొక్కలకి నీళ్లు పోద్దామని పార్కుకి వెళ్లింది. నడకవాళ్లు ఇంకా రాలేదు. మూకుడులోంచి ఏదో చప్పుడు వినిపించింది. కుక్కపిల్ల పడిందేమోనని అంచుదాకా వెళ్లి తొంగిచూసింది.

అడుగున మేస్త్రి కూర్చుని ఉన్నాడు. తలకి బైకు హెల్మెట్, రెండు మోకాళ్లకీ సిమెంటు సంచి ముక్కలు కట్టుకుని ఉన్నాడు. పక్కన బోర్డు బోర్లాపడి, చక్రాలు ఇంకా తిరుగుతున్నాయి.

"ఏం చేస్తున్నావయ్యా అక్కడ?"

మేస్త్రి గబుక్కున హెల్మెట్ తీసేశాడు. "ఏం లేదమ్మా. కాంక్రీటు ఎలా గట్టిపడిందో చూద్దామని."

"ఎన్నాళ్లుగా చూస్తున్నావు?"

"తెరిచిన మర్నాటినుంచి" అన్నాడు. "నలభైఏళ్లుగా గోడలు కడుతున్నానమ్మా. కట్టిన గోడ ఎక్కి ఆడుకునే యోగం ఒక్కసారైనా ఉండొద్దూ?"

కొలతలమ్మ నీళ్ల బకెట్టు పక్కన పెట్టి, అంచుమీద కూర్చుని, కాళ్లు మూకుడులోకి వేలాడేసింది.

"మోకాళ్లు ముందుకి వంచు. నడుం బిగబట్టకు. ఊఁ, ఎక్కు మళ్లీ" అంది.